ఒక మున్సిపాలిటీ, ఐదు పంచాయతీలు, ఒకే కుక్కల కేంద్రం: ఎవరి వాటా ఎంత?

సర్పంచ్ గారూ, మీ ప్రశ్న చదివాను. మీ ఊరు వరంగల్‌కు దగ్గర్లోనే ఉంది. పక్కనున్న మున్సిపాలిటీ వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం పెడుతోంది, మీతో సహా ఐదు గ్రామ పంచాయతీలను కలిసి రమ్మంటోంది. మొత్తం ఖర్చును ఆరు భాగాలు చేసి తలా ఒక భాగం కట్టాలన్నది వాళ్ల ప్రతిపాదన. మీ వార్డు సభ్యులేమో ‘మన ఊర్ల ఉన్నయే వంద కుక్కలు, పట్నంతోటి సమానంగ మనమెందుకు కట్టాలె’ అని తీర్మానం ఆపేశారు. ఏది న్యాయం అని అడిగారు.

సమాన వాటాకు సంతకం పెట్టకండి. అలాగని బయట కూడా ఉండిపోకండి. మీ సభ్యుల కోపంలో న్యాయం ఉంది, కానీ ‘మాకొద్దు’ అని లేచి వచ్చేస్తే నష్టపోయేది మీ ఊరే. ఇంకో విషయం మీరు అడగలేదు, నేనే చెప్తాను. ఎవరి వాటా ఎంత అన్నదానికంటే ఆ డబ్బు ఏ నెలలో చేతికి వస్తుందన్నది పెద్ద సంగతి. వాటాలన్నీ చక్కగా తేల్చుకుని, డబ్బు ఆలస్యం కావడం వల్ల ఏడాది పని మొత్తం వృథా అయిన చోట నేను పనిచేశాను.

ఉత్తర తెలంగాణలో ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. చివరి ఆరేళ్లు డిప్యుటేషన్ మీద ఇదే పని. పొద్దున ఆపరేషన్లు, సాయంత్రం బిల్లులు. అందుకని డాక్టర్ వైపు నుంచీ, లెక్కల వైపు నుంచీ రెండూ చెప్పగలను.

ముందు, ఎందుకు కలవాలో చెప్తాను. కుక్కకు ఊరి పొలిమేర తెలియదు. మీ చెరువు కట్ట మీద పొద్దున కనిపించే గుంపులో సగం పక్క ఊరివే అయి ఉంటాయి. కుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, రెండు నెలలు మోస్తుంది, ఈతకు నాలుగైదు పిల్లలు పెడుతుంది. ఐదు ఊళ్లు ఆపరేషన్లు చేయించి ఆరో ఊరు చేయించకపోతే, ఆ ఆరో ఊరి పిల్లలు పెరిగి తిండి దొరికే చోటికి, అంటే మిగతా ఐదు ఊళ్లకు వచ్చి చేరతాయి. ఒక ప్రాంతంలో కనీసం నూటికి డెబ్బై కుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా అయితే తప్ప ఫలితం కంటికి కనిపించదు. ఆ డెబ్బై ఒక ఊరికి కాదు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఊళ్లన్నిటికీ కలిపి లెక్క. పైగా ఒక్క పంచాయతీ సొంతంగా ఈ పని చేయలేదు. 2023 జంతు సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం ఇది స్థానిక సంస్థ బాధ్యతే. కానీ ఆపరేషన్ థియేటర్, బోనులు, బండి, అనుభవమున్న డాక్టర్, జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు, ఇవన్నీ ఉంటేనే చేయాలి. వంద కుక్కల కోసం ఇవన్నీ ఎవరు పెట్టుకుంటారు? కాబట్టి మున్సిపాలిటీ పిలవడం మంచిదే. పంపకమే సరిగ్గా లేదు.

మనకు 2023 గుర్తుంది. ఆ ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు, మే నెలలో మన కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర ఎనిమిదేళ్ల పిల్లవాడు కుక్కల దాడిలో చనిపోయారు. కాజీపేటలో చనిపోయిన బాబుది బతుకుదెరువుకు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబం. ఆ తర్వాత కొన్ని వారాలు అందరూ పరుగులు పెట్టారు, మీటింగుల మీద మీటింగులు జరిగాయి. ఆ హడావుడిలో ఇక్కడ పది కుక్కలు, అక్కడ ఇరవై కుక్కలు పట్టుకెళ్లి చేసిన ఆపరేషన్లు లెక్కకు పనికొచ్చాయి గానీ ఏ వాడలోనూ డెబ్బై శాతం నిండలేదు. ఒక ఊరు పూర్తి చేసి, దాన్ని ఆనుకున్న ఊరు పట్టుకోవాలి. ఆ వరుస ముందే ఒప్పందంలో రాసుకోవాలి.

ఇప్పుడు నెలల సంగతి. మన పెద్దవాళ్లు చిత్తకార్తె కుక్కలు అని ఊరికే అనలేదు. అక్టోబరు రెండో వారంలో చిత్తకార్తె వస్తుంది, మన దగ్గర కుక్కలు ఎక్కువగా జతకట్టేది అప్పుడే. డిసెంబరులో ప్రతి గడ్డివాము కిందా పిల్లలు కనిపిస్తాయి. అవి ఎండాకాలం నాటికి పెరిగి బయట తిరుగుతాయి. అంటే మీరు పెట్టే ప్రతి రూపాయీ సెప్టెంబరు ఆఖరులోపు ఖర్చయితే ఒక తరాన్ని ఆపినట్టు. అదే రూపాయి జనవరిలో ఖర్చయితే, అప్పటికే పుట్టిన వాటి వెనక పరుగెత్తినట్టు. కానీ మన ఆఫీసుల్లో డబ్బు ఎప్పుడు కదులుతుంది? మార్చి ఆఖరులో, బిల్లులు పాస్ చేసుకునే తొందరలో. నేను పనిచేసిన ఒక చోట పంచాయతీల వాటాలు నవంబరులో వచ్చాయి. అప్పటికి థియేటర్ బల్ల మీదికి వస్తున్న ఆడ కుక్కల్లో ఎక్కువ శాతం చూలువే. ఆ నెలన్నర నేనూ నా కాంపౌండరూ పడ్డ బాధ ఇంకా మర్చిపోలేదు. చూలు కుక్కకు ఆపరేషన్ కష్టం, టైం ఎక్కువ, రక్తం ఎక్కువ పోతుంది, కోలుకోవడమూ ఆలస్యం. జూన్ నెలలోనే ఆ డబ్బు వచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

కాబట్టి కేంద్రం ఏప్రిల్‌లో మొదలవ్వాలి. ఎందుకు ఏప్రిలో ఒక చిన్న లెక్క చెప్తాను, ఇది కాగితం మీద వేసుకోండి. కేంద్రం ఎన్ని ఆపరేషన్లు చేయగలదన్నది డాక్టర్ చేతివేగం మీద ఆధారపడదు, బోనుల మీద ఆధారపడుతుంది. పట్టిన రోజు, ఆపరేషన్ రోజు, పుండు మానే రోజులు కలిపి ఒక కుక్క ఒక బోనులో ఐదు రోజులు ఉంటుంది అనుకుందాం. నలభై బోనులుంటే రోజుకు 8 కుక్కలు. నెలకు 25 పని దినాలు అనుకుంటే 200. మీ ఆరు చోట్లా కలిపి 1,600 కుక్కలు ఉన్నాయనుకోండి, అందులో డెబ్బై శాతం 1,120. నెలకు 200 చొప్పున అది దాదాపు ఆరు నెలల పని. ఏప్రిల్‌లో మొదలైతే సెప్టెంబరుకు అయిపోతుంది, చిత్తకార్తె కంటే ముందే. జులైలో మొదలైతే సగంలో ఉండగానే కార్తె వచ్చేస్తుంది. డాక్టర్‌ను త్వరగా చేయమని ఒత్తిడి పెట్టి, మూడో రోజే కుక్కలను వదిలేయిస్తే కుట్లు ఊడిపోయి చచ్చిపోతాయి. అప్పుడు ఊళ్లో అందరూ తిట్టేది మిమ్మల్నే.

ఇక వాటాలు. ఇదే ఉదాహరణ ముందుకు తీసుకెళ్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి, మీ దగ్గర అసలు అంచనా వచ్చాక ఆ అంకెలు పెట్టి చూసుకోండి. మున్సిపాలిటీలో 7,000 ఇళ్లు, 900 కుక్కలు. ఐదు పంచాయతీల్లో కలిపి 3,500 ఇళ్లు, 700 కుక్కలు. మీది చిన్న ఊరు, 450 ఇళ్లు, 90 కుక్కలు. షెడ్డు బాగు చేసి బోనులు, బల్ల, నీటి ట్యాంకు పెట్టడానికి ఒకేసారి అయ్యే ఖర్చు 6 లక్షలు. డాక్టర్, అసిస్టెంట్, డ్రైవర్, కాపలా, కరెంటు, ఇవి కుక్కలు వచ్చినా రాకపోయినా అయ్యే ఖర్చు, నెలకు లక్షన్నర చొప్పున ఆరు నెలలకు 9 లక్షలు. ఒక్కో కుక్కకు మత్తు మందు, కుట్ల దారం, యాంటీబయోటిక్, టీకా, తిండి, పట్టే కూలి కలిపి 900 రూపాయలు. 1,120 కుక్కలకు 10 లక్షల 8 వేలు. అన్నీ కలిపి 25 లక్షల 8 వేలు.

దీన్ని ఆరుతో భాగిస్తే తలా 4 లక్షల 18 వేలు. మీ ఊళ్లో ఆపరేషన్ అయ్యేవి 63 కుక్కలు. అంటే కుక్కకు 6,600 రూపాయల పైమాట. అదే మున్సిపాలిటీకి, 630 కుక్కలకు, ఒక్కోదానికి ఏడు వందలు కూడా పడదు. మీ వార్డు సభ్యులకు ఈ లెక్క తెలియకపోయినా మనసుకు తెలిసింది.

నేను చెప్పేది ఇలా. షెడ్డు ఎవరి స్థలంలో ఉంటుందో, రేపు ఎవరి ఆస్తిగా మిగులుతుందో వాళ్లే ఆ 6 లక్షలు పెట్టుకోవాలి. పంచాయతీలు దానికి డబ్బిస్తే రేపు ఒప్పందం రద్దయినప్పుడు మీరు బోను ఊచలు కోసుకుని తెచ్చుకోలేరు కదా. నెలనెలా తప్పని 9 లక్షలను ఇళ్ల లెక్కన పంచాలి. మొత్తం 10,500 ఇళ్లలో మీవి 450, మీ వాటా 38,571 రూపాయలు. కుక్కకయ్యే 900 మాత్రం మీ ఊళ్లో పట్టి, ఆపరేషన్ చేసి, మీ ఊళ్లోనే వదిలిన కుక్కల లెక్కన, 63 కుక్కలకు 56,700. రెండూ కలిపి 95 వేల చిల్లర. మున్సిపాలిటీకి 17 లక్షల 67 వేలు పడుతుంది, అందులో 6 లక్షలు వాళ్ల ఆస్తి మీద పెట్టిన డబ్బే. ఇది ఎవరినీ దోచుకోని లెక్క.

జనాభా లెక్కన కాకుండా ఇళ్ల లెక్కన ఎందుకంటే, మన దగ్గర చేతిలో ఉన్న జనాభా లెక్కలు 2011వి. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లు ఆ తర్వాత గుర్తుపట్టలేనంత మారిపోయాయి. ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్ మీ కార్యదర్శి దగ్గరే ఉంటుంది, ఏటా మారుతుంది. ఖాళీ ప్లాట్లను మాత్రం లెక్కలోకి తీసుకోనివ్వకండి. లేఅవుట్లు ఎక్కువున్న ఊళ్లకు అక్కడ అన్యాయం జరుగుతుంది.

ఒక జాగ్రత్త. మున్సిపాలిటీ ఈ పనిని ఏదైనా సంస్థకు కుక్కకింత అని రేటు కట్టి అప్పగిస్తే, డాక్టర్ జీతం, బండి అన్నీ ఆ రేటులోనే కలిసి ఉంటాయి. అప్పుడు నెలవారీ వాటా అంటూ వేరే ఉండకూడదు. రేటూ కట్టించుకుని, నిర్వహణ వాటా అని మళ్లీ అడిగితే ఒకే ఖర్చుకు రెండుసార్లు కడుతున్నట్టు. రేటులో ఏమేం కలిసి ఉన్నాయో రాసిచ్చిన కాగితం అడగండి.

కుక్కల లెక్కన బిల్లు అన్నప్పుడు ఏది ఎవరి కుక్క అన్న గొడవ వస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. నిబంధనల ప్రకారం తీసిన అవయవాలను లెక్కపెట్టాలి. మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఫార్మాలిన్ పోసి గర్భసంచులు, వృషణాలు దాస్తాం. కమిటీ సభ్యులు వచ్చి ముక్కుకు గుడ్డ కట్టుకుని లెక్కపెట్టి సంతకం చేస్తారు. మా దగ్గర ఒక నెల ఆ లెక్క అణువంత తేడా లేకుండా సరిపోయింది. ఒక పంచాయతీ పేరు మీద 38 కుక్కలు. సాయంత్రం వాటిలో తొమ్మిదింటిని ఆ ఊళ్లో వదలడానికి బండితో పాటు నేనూ వెళ్లాను. బోను తలుపు తీయగానే, అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ లేచి వచ్చి, ‘ఆ తెల్ల సుక్క కుక్క మాది గాదు బిడ్డా, అది బస్టాండు కాడి హోటలుది. నేను బీపీ గోలీలకు పోయినప్పుడల్ల సూస్త’ అంది. మిగతావాటినీ చూపించాం. నాలుగింటిని ఆ వాడలో ఎవరూ గుర్తుపట్టలేదు. పట్నంలో పట్టిన కుక్కలను ఈ ఊరి ఖాతాలో రాశారు, ఆ రాత్రి ఈ ఊళ్లోనే వదలబోయారు. డబ్బాలో లెక్క ఎన్ని అని చెప్తుంది, ఎక్కడివి అని చెప్పదు. మేం వెళ్లకపోయి ఉంటే కొత్త చోట వదిలిన ఆ నాలుగూ పాత గుంపుతో కొట్లాడుకుని, బెదిరి, ఎవరో ఒకరిని కరిచేవి. పట్టిన చోటే వదలాలన్న నిబంధన జాలితో పెట్టింది మాత్రమే కాదు, కాట్లు తగ్గడానికి కూడా అదే దారి.

అందుకని ఒప్పందంలో ఇది పెట్టించండి: బండి మీ ఊరికి వచ్చినప్పుడు మీ పారిశుద్ధ్య కార్మికుడో, కార్యదర్శో వెంట ఉండాలి. ప్రతి కుక్కనూ పట్టిన చోట ఫోనుతో ఫొటో తీయాలి, మెడకు నంబరు బిళ్ల కట్టాలి, బండి పుస్తకంలో మీ మనిషి సంతకం పెట్టాలి. వదిలేటప్పుడు చెవి కోత, అంటే ఆపరేషన్ అయిందని గుర్తుగా చెవికి పెట్టే కోత, కనిపించేలా మళ్లీ ఫొటో. మీ సంతకం లేని కుక్కకు మీరు డబ్బు కట్టరు. ఇంత చిన్న పని వల్ల మా దగ్గర బిల్లుల తగాదా పూర్తిగా పోయింది.

ఇంకో పెద్ద విషయం, ఇది ఈ మధ్యే వచ్చింది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న, ఆపరేషన్, టీకా, నట్టల మందు అయ్యాక కుక్కలను పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, మీద పడి కరిచే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలొద్దని చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆటస్థలాల ఆవరణల్లోని కుక్కలను తీసి షెల్టర్లకు చేర్చాలని, వాటిని తిరిగి అక్కడ వదలకూడదని ఆదేశించింది. ఖర్చు వైపు నుంచి ఈ రెండూ పూర్తిగా వేరు. ఆపరేషన్ చేసి వదిలే కుక్క ఐదు రోజుల ఖర్చు. షెల్టర్‌లో ఉంచే కుక్క జీవితాంతం ఖర్చు. రోజుకు తిండికి నలభై రూపాయలే అనుకున్నా ఏడాదికి 14,600, అది పదేళ్లు బతకొచ్చు. ఈ రెండు ఖాతాలనూ కలపనివ్వకండి. బస్టాండు, పెద్దాసుపత్రి, కాలేజీలు ఉండేది పట్నంలో. అక్కడి నుంచి తెచ్చిన కుక్కల పోషణ ఉమ్మడి ఖాతాలో పడితే, రెండో ఏడాదికల్లా మీ డబ్బంతా అన్నం, కోడికాళ్లకే పోయి ఆపరేషన్లు ఆగిపోతాయి. షెల్టర్ కుక్క ఏ పంచాయతీ, ఏ మున్సిపాలిటీ హద్దులోంచి వచ్చిందో వాళ్లే పోషించాలి. మీ హైస్కూల్ ఆవరణలో ఉన్న మూడింటికి మీరు కట్టండి, అది న్యాయం. అంతకన్నా ముందు ఆ బడికి ప్రహరీ, గేటు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి, దానివల్ల చాలా ఖర్చు తప్పుతుంది.

మీ ఊరి పక్కన పట్నం చెత్త పోస్తున్నారా? మీరు రాయలేదు, కానీ వరంగల్ చుట్టూ ఉన్న ఊళ్లకు ఇది అడగాల్సిన ప్రశ్న. మడికొండ దగ్గర రాంపూర్ డంపింగ్ యార్డు పక్క నుంచి వెళ్లినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తిండి ఎక్కడ దొరికితే కుక్క అక్కడే ఉంటుంది. బైపాస్ పక్కన రాత్రిపూట పారబోసే కోడి వ్యర్థాలు, ఫంక్షన్ హాళ్ల ఎంగిలాకులు, దాబాల వెనక గుంతలు, వీటి చుట్టూ పెరిగే కుక్కలు మీ ఊరి ఇళ్లు పోషించినవి కావు. అలాంటి చోటు మీ హద్దులో ఉంటే, అక్కడ పట్టిన కుక్కల ఖర్చు చెత్త ఎవరిదో వాళ్ల ఖాతాలో రాయాలని అడగండి. నేను చూసినంతలో మున్సిపాలిటీలు దీనికి మొదట గునుస్తాయి, ఫొటోలు ముందు పెడితే ఒప్పుకుంటాయి. జాతర ఊళ్లదీ ఇదే కథ. ఐనవోలు మల్లన్న దగ్గరో, మేడారంలోనో జాతర అయ్యాక మాంసం వ్యర్థాల కోసం చుట్టుపక్కల కుక్కలన్నీ చేరతాయి, భక్తులు వెళ్లిపోయాక ఆకలి మీద ఊళ్ల మీద పడతాయి. జాతర పంచాయతీ ఒక్కదాని నెత్తిన ఆ భారం వేయడం తప్పు. జాతర ఏర్పాట్ల అంచనాలోనే ఈ ఖర్చు రాయించాలి.

డబ్బు ఎక్కడి నుంచి? పంచాయతీ ఖాతా సంగతి నాకు తెలుసు. ట్రాక్టర్ డీజిల్, కరెంటు బిల్లులు, కార్మికుల జీతాలు పోగా మిగిలేది తక్కువ. ఫైనాన్స్ కమిషన్ నిధుల్లో తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టేసిన భాగాన్ని దీనికి ముట్టుకోకండి, ఆడిట్‌లో పట్టుకుంటారు. ఏ పనికీ కట్టేయని అన్‌టైడ్ భాగం, మీ సాధారణ నిధి, ఈ రెండే దారులు. సభలో తీర్మానం, అంచనా పత్రం, ఒప్పందం, నెలవారీ బిల్లు, దాని వెనక బండి పుస్తకం జిరాక్సు, ఈ వరుసలో ఫైల్ ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. చెక్కు మీద ఉప సర్పంచ్ సంతకం కూడా కావాలి కాబట్టి ఆయనను మొదటి సమావేశానికే తీసుకెళ్లండి. తర్వాత చెప్తాలే అనుకుంటే మీ వాటా మూడు నెలలు ఆగుతుంది. కేంద్ర ప్రభుత్వ సవరించిన పథకంలో కుక్కకు 800 రూపాయల సాయం ఉంది. దానికి దరఖాస్తు తప్పక పెట్టండి, కానీ మొదటి ఏడాది లెక్కలో ఆ డబ్బును ఆదాయంగా రాసుకోకండి. వస్తే రెండో ఏడాది వాటాల్లో తగ్గించుకోవచ్చు.

వాటా కట్టే పద్ధతి: రెండు నెలల నిర్వహణ ఖర్చు మార్చిలోనే ముందుగా, ఉమ్మడి ఖాతాలో. తర్వాత కుక్కల లెక్కన బిల్లు నెలనెలా, బండి పుస్తకం సరిచూసుకున్న పదిహేను రోజుల్లో. ఖాతా మున్సిపాలిటీ సాధారణ నిధిలో కలవకూడదు. జిల్లా స్థాయిలో స్థానిక సంస్థలు చూసే అదనపు కలెక్టర్ గారి దగ్గర ఈ ఒప్పందం పెట్టించండి. రేపు ఎవరైనా మాట తప్పితే అడిగే పెద్ద ఒకరు ఉండాలి.

ఇక్కడ ఒక బాధ చెప్పకుండా ఉండలేను. కుక్క కరిస్తే ఆ ఖర్చు పంచాయతీ పుస్తకంలో ఎక్కడా కనిపించదు. సూది మందు పీహెచ్‌సీలో ప్రభుత్వం ఇస్తుంది, లోతైన గాయమైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపుతారు. ఆ నాలుగైదు సార్లు తిరగడానికి ఆటో కిరాయి, పోయిన కూలి ఆ ఇంటివాళ్లు పెట్టుకుంటారు. పత్తి ఏరడానికి పోవాల్సిన తల్లి పిల్లవాణ్ని చంకన వేసుకుని ఆసుపత్రి వరండాలో కూర్చుంటుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడలేం, అంత పెద్ద ప్రమాదం. అయినా బడ్జెట్ మీటింగులో ‘మనకేం మిగుల్తది’ అని అడుగుతారు. అందుకే మీ పీహెచ్‌సీ నుంచి గత ఏడాది కుక్కకాటు రిజిస్టర్‌లో మీ ఊరి వాళ్లు ఎందరున్నారో లెక్క తెచ్చి, పేర్లు లేకుండా సంఖ్య మాత్రం సభలో చదవండి. ఒక్కొక్కరికి ఎన్ని రోజుల కూలి పోయిందో వాళ్ల నోటనే చెప్పించండి. నేను ఎన్ని అంకెలు చెప్పినా కదలని సభ్యులు ఆ ఒక్కదానికి కదిలారు.

కోతులను ఈ ఒప్పందంలో కలపమని మీ ఊళ్లో తప్పకుండా అడుగుతారు. కుక్కల కంటే కోతుల బాధే ఎక్కువ అనే ఊళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. కలపకండి. కోతికి పట్టే పద్ధతి వేరు, ఆపరేషన్ వేరు, అటవీ శాఖతో మాట్లాడాల్సిన పని. నిర్మల్ దగ్గర 2020లో మొదలైన కోతుల సంరక్షణ కేంద్రం లాంటిది కావాలి, కుక్కల షెడ్డులో అయ్యేది కాదు. రోడ్ల మీద పశువులకు మన పాత బందెలదొడ్డి పద్ధతి ఉండనే ఉంది. వాటికి యజమాని ఉంటాడు, ఖర్చు అతని దగ్గర వసూలు చేయాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను, అమ్మా. ఈ చర్చ నెలలకొద్దీ సాగితే ఎవరో ఒకరు ‘ఇదంతా ఎందుకు, రాత్రికి రాత్రి మందు పెట్టిద్దాం, పదివేలతో అయిపోతది’ అంటారు. వినకండి. భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద జంతువును చంపితే ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉంది, జంతు హింస నిరోధక చట్టం దానికి తోడు. కేసు పడేది మందు పెట్టిన కూలీ మీద మాత్రమే కాదు, పెట్టించిన సర్పంచ్ మీద కూడా. విషం తిన్న కుక్క చచ్చేదాకా పడే యాతన నేను చూశాను, వాటిని కాపాడలేక చేతులు ముడుచుకుని నిలబడ్డాను. పైగా ఖాళీ అయిన చోటికి రెండు నెలల్లో టీకా పడని కొత్త కుక్కలు వస్తాయి, ఊరికి ప్రమాదం పెరుగుతుంది.

ఒప్పందం కనీసం మూడేళ్లకు ఉండాలి. మొదటి ఏడాది డెబ్బై శాతం అయ్యాక, రెండో, మూడో ఏడాదుల్లో మీకు పడేది కొత్తగా వచ్చినవాటి ఆపరేషన్లు, మిగతావాటికి ఏటా టీకా మాత్రమే. ఖర్చు బాగా తగ్గుతుంది. ఎవరైనా మధ్యలో బయటకు పోవాలంటే మార్చికి ముందు చెప్పాలి, ఆ ఏడాది నిర్వహణ వాటా కట్టే పోవాలి అని రాయించండి.

వచ్చే సమావేశానికి ముందు మీరు చేయాల్సింది మీ కుక్కల లెక్క మీరే తీసుకోవడం. వరుసగా రెండు రోజులు, పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా, మీ కార్మికులు ఇద్దరు ఒకే దారిలో తిరగాలి. చౌరస్తా, బడి గోడ, చికెన్ సెంటర్, చెరువు కట్ట, కల్లు కంపౌండు, ఏదీ వదలొద్దు. కనిపించిన ప్రతిదానికీ ఫొటో. రెండో రోజు కొత్తవి ఎన్ని వచ్చాయో చూస్తే మొదటి రోజు ఎన్ని తప్పిపోయాయో తెలుస్తుంది. ఆడ, మగ, చెవి కోత ఉన్నవి వేరు వేరు గడుల్లో రాయించండి. పాలిచ్చే తల్లులకు మరో గడి పెట్టండి. పిల్లలు పాలు మానేదాకా ఆ తల్లులను పట్టకూడదు, ఆరు నెలలు నిండని పిల్లలనూ పట్టకూడదు. అంటే బండి మీ ఊరికి ఒకసారి వచ్చి పోతే సరిపోదు, రెండు నెలల తర్వాత మళ్లీ రావాలి. ఆ రెండో ట్రిప్పు డీజిల్, పట్టేవాళ్ల కూలి ఇప్పుడే అంచనాలో రాయించండి, లేకపోతే ఆ తల్లులు అలాగే మిగిలిపోతాయి.